రాడ్ మార్చే ముందు తెగిన లైన్ చివర చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నావు. ఏడాదిగా చెరువుల దగ్గర గాలం వేస్తున్నావు. అమెరికా వాళ్లు బాస్ అనే చేపని పట్టే వీడియోలు చూసి, వాళ్లు వాడే బెయిట్‌కాస్టర్ అనే రకం రీల్ సెట్టే కొనాలనుకుంటున్నావు. బడ్జెట్ 15 వేలు. ఇప్పుడున్న చవక స్పిన్నింగ్ సెట్టుతో రెండు కొరమీనులు పడినట్టే పడి తెంపుకుని పోయాయి, లైన్, అంటే గాలం దారం, మాటిమాటికీ చిక్కుపడుతోంది. రాడ్ (గాలం కర్ర) మార్చాలా, రీల్ (లైన్ చుట్టుకునే యంత్రం) మార్చాలా అని అడిగావు.

ఈ వారం రెండూ మార్చకు. నువ్వు అంతగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది. మొదటి చేప పోయినప్పుడు లైన్ చివర స్ప్రింగులా చుట్టుకుని వచ్చిందన్నావు. బ్రెయిడ్ లైన్‌కి (సన్నటి పోగులు అల్లిన దారానికి) మామూలు క్లించ్ ముడే (దారాన్ని దాని మీదే చుట్టి వేసే ముడి) వేశానని కూడా రాశావు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే జవాబు దొరికినట్టే. ఆ చేప లైన్ తెంపలేదు, నీ ముడి జారిపోయింది.

మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక బెండు, వానపాము, అంతే. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రాడ్, రీల్ పట్టి పదిహేడేళ్లు. కొరమీను కోసం ఎన్ని ఆదివారాలు చెరువు కట్టల మీద గడిపానో లెక్కలేదు. ఆ అనుభవంతో ఒక మాట చెబుతాను. షాపుకి వెళ్తే అందరం ముందు రాడ్ చూస్తాం, తర్వాత రీల్ చూస్తాం, మిగిలిన డబ్బుతో లైన్ తీసుకుంటాం, బిల్లు కట్టేటప్పుడు గుర్తొచ్చి నాలుగు కొక్కేలు వేయించుకుంటాం. చేప వైపు నుంచి చూస్తే ఈ వరుస మొత్తం తిరగబడుతుంది. దాని నోట్లో ఉండేది కొక్కెం. కొక్కేనికి ముడి, ముడి వెనక లైన్, లైన్ వెనక రాడ్, అన్నిటికీ వెనక రీల్. డబ్బూ శ్రద్ధా ఆ వరుసలోనే పెట్టాలి.

ముందు బాస్ సంగతి. ఆ వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. మన చెరువుల్లో ఉండదు. అక్కడ దాని మీద ఉన్న పిచ్చి మామూలుది కాదు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు, అంటే పది కిలోల పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికంటే ఔన్సులోపు తేడాతో బరువైనది పట్టాడు. కానీ ఆ బరువు చేపల్లో కొత్త రికార్డు కావాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ తూగాలన్నది నియమం. అందుకే ఈ రోజుకీ ఇద్దరూ సమానంగా ఉన్నారు. అంత పోటీ ఉన్న చేప కాబట్టే దాని కోసం ఇన్ని రకాల రాడ్లు, రీళ్లు, లూర్లు (కృత్రిమ ఎరలు) పుట్టాయి. అవి మనకూ పనికొస్తాయి. అయితే ఏది పనికొస్తుందో, ఏది రాదో తెలియాలంటే మన చేప ఎలా తింటుందో చూడాలి.

బాస్ నోరు పెద్దగా తెరిచి, నీళ్లతో సహా ఎరను లోపలికి పీల్చుకుంటుంది. దాని పళ్లు సన్నగా గరుకు కాగితంలా ఉంటాయి. అందుకే వీడియోల్లో వాళ్లు బొటనవేలు దాని కింది దవడలో పెట్టి హాయిగా ఎత్తుతారు. కొరమీను దగ్గర ఆ పని చేయకు. దానికి నిజమైన పళ్లుంటాయి, దవడ ఎముక గట్టిది. ఎరను పీల్చుకోవడం కంటే కొరికి పట్టుకోవడం దాని పద్ధతి. పైగా అది ఉండేది ఖాళీ నీళ్లలో కాదు. జమ్ములో, తామరాకుల కింద, గుర్రపు డెక్క అంచున ఉంటుంది. కొక్కెం తగలగానే వెనక్కి తిరిగి ఆ గడ్డిలోకే దూరుతుంది. రెండు కిలోల చేపకి నాలుగు కిలోల గడ్డి తోడవుతుంది. మన సామాను మీద పడే బరువు అది. నీ రెండో చేప గుర్రపు డెక్కలోకి పోయి తెగిందన్నావు కదా, అక్కడ జరిగింది అదే అయ్యుండాలి.

ఇక్కడ చిన్న పిట్టకథ చెప్పనీ. మన కొరమీనుకి దాయాది లాంటి చేప ఒకటి, చైనా వైపుది, 2002లో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ ఊరి చెరువులో కనబడింది. స్థానిక చేపల్ని తినేస్తుందని అక్కడ పెద్ద గొడవైంది. ఇప్పుడు అక్కడి బాస్ జాలర్లే తమ బాస్ రాడ్లతో, తమ కప్ప లూర్లతో దాన్ని పడుతున్నారు. అంటే వీడియోల్లో నువ్వు వెతకాల్సింది బాస్ కాదు, స్నేక్‌హెడ్. కొరమీను జాతికి ఇంగ్లీషు పేరు అది. తమిళులు విరాల్ అనేదీ, తెలంగాణవాళ్లు తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నదీ మన కొరమీనునే. ఆ వీడియోల్లో రాడ్ ఎంత మందంగా ఉందో, లైన్ ఎంత లావుందో చూడు. నీకు కావాల్సిన కొలత అక్కడ ఉంటుంది.

ఇక లైన్ చివర చదవడం నేర్చుకో. చేప పోగానే మనకి ముందు కోపం వస్తుంది, తర్వాత ఏడుపు వస్తుంది. ఆ రెండూ పక్కన పెట్టి, లైన్ మొత్తం చుట్టుకుని, చివర నాలుగు అంగుళాలు వెలుతురులో పట్టుకుని చూడాలి. స్ప్రింగులా, పంది తోకలా చుట్టుకుని ఉంటే ముడి జారినట్టు. చివర పోగులు లేచి, దారం నలిగి, కొంత మేర గరుగ్గా ఉంటే రాయికో, జమ్ము కాడలకో, చేప పళ్లకో ఒరుసుకుని తెగినట్టు. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే ఏదో పదునైనది తగిలినట్టు. అది నీళ్లలోదే కానక్కర్లేదు, మన రాడ్ మీద లైన్ దూరి వెళ్లే రింగే కావచ్చు. నేను ఒక వానాకాలం వరసగా నాలుగు చేపలు పోగొట్టుకున్నాను. ప్రతిసారీ లైన్‌నే తిట్టుకుని, రెండుసార్లు కొత్త లైన్ వేశాను. చివరికి చూస్తే రాడ్ కొన రింగులో లోపలి పింగాణీ వెంట్రుకంత చీలి ఉంది. ఆ చీలిక నా కంటికి కనబడలేదు. దూది చిన్న ఉండ చేసి రింగులన్నిట్లో ఒక్కో చుట్టు తిప్పితే, కొన రింగు దగ్గర రెండు పోగులు పట్టుకుని ఆగిపోయాయి. ఇప్పుడు ప్రతి నెలా దూదితో ఆ పరీక్ష చేస్తాను. రూపాయి ఖర్చులేని పని.

ముడి విషయానికొస్తే, మోనో లైన్‌కి (ఒకే పోగు నైలాన్ దారానికి) క్లించ్ ముడి బాగానే పట్టుకుంటుంది. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, పట్టు దొరకక నిదానంగా జారిపోతుంది. దానికి పాలొమార్ ముడి వెయ్యి. లైన్‌ని అరచేయంత మేర రెండు పోగులుగా మడువు. ఆ మడతను కొక్కెం చెవిలోంచి దూర్చు. రెండు పోగుల్నీ కలిపి మామూలు ముడి ఒకటి వెయ్యి, బిగించకు. ఇప్పుడు మిగిలిన ఉచ్చులోంచి లూర్ మొత్తాన్ని దాటించు. ఉమ్మి తడి చేసి, నిదానంగా లాగు. తడి చేయడం ఎందుకంటే, పొడిగా బిగిస్తే ఒరిపిడికి వేడి పుట్టి లైన్ అక్కడే బలహీనపడుతుంది. మోనోకి, ఫ్లోరోకార్బన్‌కి (ఇంకో రకం ఒంటిపోగు దారానికి) ఇది మరీ ముఖ్యం. చివర ముక్క మొదలంటా కోయకు, మూడు నాలుగు మిల్లీమీటర్లు వదులు.

వేశాక నమ్మేయకు, ఇంట్లో పరీక్షించు. గ్యాస్ సిలిండర్ పిడికి పాత కొక్కెం తగిలించి, దానికి ముడి వేసి, లైన్‌ని తువ్వాలు చుట్టిన చేతికి చుట్టుకుని గట్టిగా లాగు. తువ్వాలు మర్చిపోకు. బ్రెయిడ్ అరచేతిని కోస్తుంది, చాకుతో కోసినంత పని చేస్తుంది. మా ఆవిడ మొదట్లో ఇదేం పిచ్చి అనేది, ఇప్పుడు సిలిండర్ కదలకుండా పట్టుకుంటుంది. పది ముడులు వేసి పది లాగి చూడు. పదిలో ఒక్కటి జారినా నీ చెయ్యి ఇంకా కుదరలేదన్నమాట.

లైన్ దేనికి ఏది అన్నది క్లుప్తంగా చెప్తాను. కొరమీనుకి, గడ్డిలో కప్ప లూర్ వేసేదానికి, బ్రెయిడే. 30 నుంచి 40 పౌండ్లది, పెట్టె మీద పీఈ అంకె (లైన్ లావు కొలత) రాసి ఉంటే 3 లేదా 4. బ్రెయిడ్ సాగదు, కాబట్టి ముప్పై అడుగుల దూరంలో కొట్టిన చేపకి నీ దెబ్బ (కొక్కెం దిగేలా రాడ్‌ని గట్టిగా లాగే కుదుపు) వెంటనే చేరుతుంది. నీటి మీద తేలుతుంది, కాబట్టి కప్పని కిందికి గుంజదు. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, పైన ఆడే లూర్‌కి అది పనికిరాదు. గడ్డిలో లీడర్ (లైన్ చివర కట్టే వేరే దారపు ముక్క) కూడా వద్దంటాను. లీడర్ కట్టే ముడి ప్రతి తామర కాడకీ తట్టుకుంటుంది. మోనో లైన్ ఎండకి పాడవుతుంది, బాల్కనీలో రాడ్ నిలబెట్టి ఉంచితే ఒక్క వేసవికే పెళుసెక్కుతుంది. కానీ దానికీ ఒక పని ఉంది. బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి (రీల్‌లో లైన్ చుట్టుకునే ఉండకి) చుడితే అది స్పూల్ మీద మొత్తంగా గిర్రున జారుతుంది. రీల్ డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని కొంచెం కొంచెంగా జారనిచ్చే బ్రేకు) చెడిందనుకుని మెకానిక్కుల చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. ముందు పది మీటర్లు మోనో చుట్టి, దానికి బ్రెయిడ్ కట్టు. ఆ బాధ పోతుంది.

చిక్కులు పడడానికి నీ రీల్ చవకదనం కారణం కాకపోవచ్చు. మూడు విషయాలు చూడు. స్పూల్ అంచు దాకా నింపావా? అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (స్పూల్ మీద లైన్‌ని పట్టే తీగ కమ్మీ) మూస్తున్నావా? చేత్తో మూయి, మూసి లైన్‌ని ఒకసారి చేత్తో లాగి బిగువు చెయ్యి, అప్పుడు తిప్పు. వదులు లైన్ స్పూల్ మీద పడిందంటే తర్వాత విసురులో ఉండ కట్టి బయటికొస్తుంది. మూడోది, చేప లాగుతున్నప్పుడు, డ్రాగ్ కీచుమంటున్నప్పుడు, భయంతో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటావేమో. లైన్ లోపలికి రాదు, తిప్పిన ప్రతిసారీ మెలి మాత్రం పడుతుంది. చేప లాగితే ఆగు, ఆగితే తిప్పు.

బెయిట్‌కాస్టర్ మంచి సామానే, కాదనను. గడ్డిలోంచి చేపని గుంజడానికి దాని బలం వేరు. కానీ దాంట్లో విసిరేటప్పుడు స్పూలే తిరుగుతుంది. లూర్ నిదానించినా స్పూల్ నిదానించకపోతే లైన్ మొత్తం కాకిగూడవుతుంది. బొటనవేలితో దాన్ని అదుపు చేయాలి. ఆ అలవాటుకి నాకు రెండు నెలలు పట్టింది, అదీ ఇంటి ముందు ఖాళీ స్థలంలో రోజూ అరగంట విసిరితే. నువ్వు ఇంకా ముడి దగ్గరే ఉన్నావు. ఈ ఏడాది స్పిన్నింగ్‌తోనే ఉండు. తర్వాత కొంటే, పక్కనున్న చిన్న మర లూర్ నిదానంగా జారేంత బిగువుగా, లూర్ నేలకి తగలగానే స్పూల్ ఆగేంతగా పెట్టుకుని మొదలుపెట్టు. ఎదురుగాలిలో నేర్చుకోకు.

ఇప్పుడు కొక్కెం. నేను ఎక్కువ వాడేది లోపల బోలుగా ఉండే మెత్తటి కప్ప లూర్. రెండు కొక్కేల మొనలు పైకి, ఒంటికి ఆనుకుని ఉంటాయి, అందుకే గడ్డికి తగులుకోవు. చేప కొరికినప్పుడు కప్ప నలిగి మొనలు బయటికొస్తాయి. కొత్త కప్ప కొనగానే పక్కడ్డీతో (ప్లయర్‌తో) ఆ రెండు మొనల్నీ ఒక్క పిసరు పైకి, బయటికి వంచు. మరీ వంచితే గడ్డి పట్టుకుంటుంది. వెనకున్న రబ్బరు తోకలు పొడుగ్గా ఉంటే కొంచెం కత్తిరించు, కప్ప అటూ ఇటూ బాగా నడుస్తుంది. గంటకోసారి ఒత్తి లోపలి నీళ్లు పిండెయ్యి. మొన పదును గోటి మీద చూసుకో. గోరు మీద ఆనించి లాగితే గీత పడి ఆగాలి, జారిపోతే ఆకురాయికి పని పెట్టాలి. బాస్ మెత్తటి నోటికి సరిపోయిన మొన కొరమీను దవడకి సరిపోదు.

పడిందనగానే లాగడం నువ్వు చేస్తున్న ఇంకో తప్పేమో అని నా అనుమానం. హోస్కోట వైపు ఒక చెరువులో, పోయిన జూలైలో జరిగింది చెప్తాను. పొద్దున ఆరు కాలేదు. కట్ట మీద మంచు తడి. జమ్ము అంచున రెండు అరచేతులంత ఖాళీ, అందులో బుడగ ఒకటి లేచి పగిలింది. కొరమీను గాలి కోసం పైకి వస్తుంది, మొప్పలు మాత్రమే దానికి చాలవు. పైకొచ్చి గుటక వేసి పోతుంది. ఆ గుటక చప్పుడు ఒకసారి విన్నావంటే మర్చిపోవు, ఎవరో చెంబుని నీళ్లలో బోర్లా ముంచి తీసినట్టు ఉంటుంది. కప్పని ఆ ఖాళీకి ఆరడుగుల అవతల ఆకు మీద వేశాను, నేరుగా నెత్తిన వేస్తే బెదురుతుంది. రెండుసార్లు కదిపి, ఆకు మీంచి నీళ్లలోకి దించాను. నీళ్లు పేలినట్టయింది. కప్ప కనబడలేదు. నా చేతులు లాగెయ్యమంటున్నాయి. లాగలేదు. రాడ్ కొన కిందికి దించి, ఉన్న వదులు చుట్టుకుని, లైన్ పక్కకి నడవడం చూశాను. బరువు రాడ్‌లోంచి మోచేతికి తెలిసింది. అప్పుడు కొట్టాను, ఒక్కసారి, నడుముతో సహా. కప్ప నోట్లోకి పోయిందో లేదో కన్ను చెప్పలేదు, బరువు చెబుతుంది. చప్పుడుకి లాగితే పదిలో ఏడుసార్లు కప్ప గాల్లో ఎగిరి నీ మొహం మీదికే వస్తుంది. అందుకే కళ్లద్దాలు లేకుండా వెయ్యకు. పోలరైజ్డ్ అద్దాలైతే నీటి మీద మెరుపు తగ్గి, కింద గడ్డి వాలు కూడా కనబడుతుంది.

కొట్టాక మొదటి మూడు సెకన్లే పోరాటం. తల ఇటు తిప్పగలిగితే నీది, అటు తిప్పుకుంటే గడ్డిది. ఆ మూడు సెకన్ల కోసమే గట్టి రాడ్ కావాలి. ఏడడుగులది, మీడియం హెవీ (కాస్త గట్టిది), ఫాస్ట్ యాక్షన్ (కొన వైపే ఎక్కువ వంగేది). రాడ్ మీద పిడి దగ్గర లూర్ బరువు రాసి ఉంటుంది, 10 నుంచి 30 గ్రాములు అన్నది చూసుకో. నీ దగ్గరున్నది 3 నుంచి 10 గ్రాములదని రాశావు. అది జిలేబీ చేపలకి (తిలాపియాకి), చెంచా ఆకారంలో ఉండే చిన్న రేకు లూర్లకి బాగుంటుంది, అమ్మకు, దాచుకో. దాంతో కొరమీను తల తిప్పలేవు. కాబట్టి చివరికి రాడ్ మార్చాల్సిందే. కానీ ముడి నేర్చుకున్నాక మార్చు. లేకపోతే కొత్త రాడ్‌తో కూడా స్ప్రింగు లాంటి లైన్ చివరే చుట్టుకుని ఇంటికొస్తావు.

రీల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 3000 సైజు, నున్నగా జారే డ్రాగ్. షిమానో, డైవా, ఒకుమా, ఏదైనా సరే, వాళ్ల తక్కువ ధర మోడళ్లు కూడా మన చెరువులకి చాలు. బేరింగులు ఎన్ని అని పెట్టె మీద పెద్ద అంకె చూసి మోసపోకు. డ్రాగ్‌ని తూకం వేసి పెట్టుకో. పాత పేపర్లవాడి దగ్గరుండే స్ప్రింగు తక్కెడకి లైన్ కట్టి లాగితే, లైన్ బలంలో నాలుగో వంతు దగ్గర జారడం మొదలవ్వాలి. 40 పౌండ్లంటే 18 కిలోలు, నాలుగో వంతు నాలుగున్నర కిలోలు. ఇంటికొచ్చాక డ్రాగ్ వదులు చెయ్యి, లోపలి వాషర్లు అణిగిపోకుండా ఉంటాయి. లైన్ తిరిగే చిన్న రోలర్‌కి నెలకో చుక్క నూనె. ఆ రోలర్ పట్టేస్తే లైన్ దాని మీద ఒరుసుకుని మెలిపడుతుంది, నీ చిక్కులకి అదీ ఒక కారణం కావచ్చు. రీల్‌ని కొళాయి కింద గట్టిగా కడగకు, తడిబట్టతో తుడువు చాలు.

రాడ్‌తో చేపని గట్టు మీదికి ఎత్తకు. ఇది నా సొంత నష్టం. రెండేళ్లు డబ్బు కూడబెట్టి కొన్న రాడ్. చేప రెండు కిలోలుంటుంది, కట్ట రాళ్ల దాకా వచ్చేసింది. రాడ్‌ని నిలువుగా, కొన నా నెత్తి మీదికి వచ్చేలా పట్టుకుని ఎత్తాను. టప్‌మని రెండు చోట్ల విరిగింది, చేప కిందే ఉంది. నిలువుగా పట్టుకున్నప్పుడు బరువంతా సన్నటి కొన మీదే పడుతుంది, లావుగా ఉన్న కింది భాగం పని చేయదు. లైన్‌ని రాడ్ కింది భాగం దగ్గర పట్టుకునో, వల గరిటతోనో తియ్యాలి.

15 వేలు ఎలా పంచాలో నేనైతే ఇలా చూస్తాను. ముందు లైన్‌కి, నాలుగు కప్పలకి, మంచి పక్కడ్డీకి, కళ్లద్దాలకి మూడున్నర, నాలుగు వేలు. రాడ్‌కి నాలుగు, నాలుగున్నర. రీల్‌కి మూడున్నర, నాలుగు. మిగిలింది దాచుకో, మొదటి నెలలో రెండు కప్పలు చెట్టు కొమ్మలకి అర్పించక తప్పదు.

చెరువు సంగతి కూడా చెప్పాలి. మన చుట్టూ ఉన్న చెరువుల్లో చాలావాటికి చేపల హక్కులు వేలంలో ఎవరో ఒకరు తీసుకుని ఉంటారు. ఆయన్ని కనుక్కుని, అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి కూర్చో. "సార్, స్వల్ప గాళ హాక్తీని" (కొంచెం గాలం వేస్తాను) అని కన్నడలో నవ్వుతూ అడిగితే నాకు కాదన్నవాళ్లు తక్కువ. వద్దని బోర్డు పెట్టిన చోట అడగను కూడా అడగను. కావేరి వైపు భీమేశ్వరి, గాలిబోరె పేర్లు వీడియోల్లో వింటావు, ఒకప్పుడు మహసీర్ అనే పెద్ద నది చేప కోసం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చేవాళ్లు. అది వన్యప్రాణి అభయారణ్యం, ఆ మూపురం మహసీర్ అంతరించే అంచున ఉంది. గాలం పట్టుకుని నీ అంతట నువ్వు అటు వెళ్లకు.

బెంగళూరు ఊళ్లోని చెరువుల్లో పట్టిన చేప తినొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. 2016 మార్చిలో అలసూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువుకి నిప్పే అంటుకుంది. అలాంటి నీళ్లలో కూడా కొరమీను బతుకుతుంది, ఎందుకంటే అది పైకొచ్చి గాలి పీలుస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు లేకపోయినా దానికి నడుస్తుంది. కాబట్టి చేప తుళ్లుతూ ఉంది కదా, నీళ్లు మంచివే అన్న లెక్క కొరమీను దగ్గర చెల్లదు. మురుగు కలవని ఊరవతలి చెరువులో పట్టుకుంటే, ఇంటికి సరిపడా ఒకటి తెచ్చుకో, పులుసు పెట్టించుకో. మిగిలినవి వదిలెయ్యి. వదిలే చేపని ఎండకి కాలిన రాళ్ల మీద పెట్టకు, చెయ్యి తడిపి పట్టుకో, పొట్ట కింద చెయ్యి వేసి అడ్డంగా ఎత్తు. దవడకి గ్రిప్ వేసి నిలువుగా వేలాడదీసి ఫోటోలు దిగకు.

వానలు మొదలయ్యాక ఒక దృశ్యం కనబడుతుంది. నీటి మీద దోసెడంత ఎర్రటి మచ్చ, చినుకులు పడుతున్నట్టు చిటపటలాడుతూ కదులుతుంది. అవి కొరమీను పిల్లలు, వందల్లో. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ మచ్చ మీద కప్ప వేస్తే తప్పకుండా కొడతాయి. ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. ఆ చేపని తీసేస్తే పక్కనున్న జిలేబీలు, పరకలు గంటలో ఆ పిల్లల్ని ఊడ్చేస్తాయి. నేనూ మొదట్లో తెలియక ఒకసారి వేశాను. పెద్ద చేప దొరికింది, సంతోషంగా ఫోటో తీసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ ఎర్ర మచ్చ చెదిరిపోతోంది, చుట్టూ నీళ్లు తెర్లుతున్నాయి. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. ఎర్ర మచ్చ కనిపిస్తే లైన్ చుట్టేసుకుని ఇంకో వైపు నడువు, దయచేసి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. చెరువు కట్టల పక్కన మోటార్లకి లాగిన తీగలు కిందికి వేలాడుతుంటాయి. విసిరే ముందు తల పైకెత్తి చూడు, నడిచేటప్పుడు రాడ్ వెనక్కి వాల్చి పట్టుకో. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో మబ్బు ఎంత వేగంగా కమ్ముకుంటుందో నీకు తెలుసు. ఉరుము వినిపించిందంటే రాడ్ కింద పెట్టి కట్ట దిగెయ్యి, చేప ఎంత బాగా కొడుతున్నా సరే. కొక్కెం వేలికి దిగి ముల్లు లోపలుంటే లాగి చీల్చుకోకు, లైన్ కోసేసి ఆసుపత్రికి పో, టీటీ వేయించుకో. ముల్లుల్ని ముందే పక్కడ్డీతో నొక్కేసుకుంటే ఆ టెన్షనే ఉండదు, చేప నోరూ చిరగదు.

రెండో చేప పోయినప్పుడు లైన్ చివర ఎలా ఉందో నువ్వు రాయలేదు. ఆ లైన్ ఇంకా రీల్ మీదే ఉంటే కొత్త ముడి వేసే ముందు చివర నాలుగు అంగుళాలు కోసి, తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీసి పంపు. గరుగ్గా ఉంటే అది గడ్డి పని, లైన్ లావు పెంచితే సరిపోతుంది. నున్నగా ఉంటే మాత్రం ఇవాళ రాత్రే దూది తీసుకుని నీ రాడ్ రింగులు చూడు, కొన రింగుతో మొదలుపెట్టు.